మతిమరుపు కన్నా ముందు నడక మారింది: మావయ్యగారి వైద్యంలో మా ఏడాది

మా మావయ్యగారికి 74 ఏళ్లు. మాది అమలాపురం దగ్గరి పల్లె, కొబ్బరి తోట మీద బతుకు. ఆయనకు బీపీ, షుగరు చాలా ఏళ్లుగా ఉన్నాయి. 2024 ఆగస్టులో దింపు అయ్యాక లెక్క రాయడానికి కూర్చున్నారు. ఎన్ని కాయలు దిగాయో గుర్తుంది, వ్యాపారి చెప్పిన ధర గుర్తుంది. అందులోంచి దింపు కూలి, ఒలుపు కూలి, బండి కిరాయి తీసేసి చేతికి ఎంత రావాలో తేల్చడం మాత్రం కుదరలేదు. మధ్యాహ్నమంతా కూర్చుని, చివరికి కాగితం మడిచి లేచిపోయారు. నలభై ఏళ్లు ఆ లెక్క నోటితో చేసిన మనిషి.

ఇక్కడ పోయింది జ్ఞాపకం కాదు. నాలుగు పనుల్ని వరసలో పెట్టుకుని పూర్తి చేసే శక్తి పోయింది. ఈ సంగతి మొదటే రాస్తున్నాను, ఎందుకంటే పేర్లు గుర్తున్నంత కాలం ఏ ఇంట్లోనూ డాక్టరు మాట ఎత్తరు. ఆయనలో అప్పటికే ఇంకో మూడు మార్పులు ఉన్నాయి. అడుగు చిన్నదైంది, పాదం నేల వదలనట్టు ఈడుస్తూ నడుస్తున్నారు, మలుపు తిరిగేటప్పుడు ఆగిపోతున్నారు. మూత్రం వస్తే ఆపుకోలేకపోతున్నారు. మాట తగ్గింది, అంతలోనే చిన్న విషయానికి కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. నడక మోకాళ్ల వల్ల అని ఒకరు, మూత్రం ప్రోస్టేటు వల్ల అని ఇంకొకరు, మౌనం వయసు వల్ల అని అందరూ అన్నారు. ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిసి వస్తే మెదడు లోపలి సన్న రక్తనాళాలు దెబ్బతిన్నాయేమో చూడాలి.

అక్టోబరు మొదటి వారంలో మామూలుగా చూపించుకునే ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లాం. బీపీ 148/86. ఆయన రక్తపరీక్షలు, ఈసీజీ రాసి, రాజమహేంద్రవరంలో న్యూరాలజిస్టుకు చీటీ ఇచ్చారు. అపాయింట్‌మెంటుకు రెండు వారాలు ఆగాలి. ఆ రెండు వారాలు చేయదగిన పని చాలా ఉంది. పరీక్షలన్నీ ముందే చేయించుకుని వెళ్తే ఒక ప్రయాణం తగ్గుతుంది. రక్తపు లెక్క, పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), సోడియం, పొటాషియం, థైరాయిడ్, లివరు, విటమిన్ బీ12. అన్నిటికీ కలిపి 2,800 రూపాయలు. థైరాయిడ్ తక్కువైనా, బీ12 తక్కువైనా మనిషి అచ్చం ఇలాగే నెమ్మదిస్తాడు, వాటికి మందు ఉంది. అందుకే స్కాన్ కన్నా ముందు ఇవి చూస్తారు.

మావయ్యగారికి బీ12 168 వచ్చింది. 200 లోపు ఉంటే లోపం కిందే లెక్క. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందు ఏళ్ల తరబడి వాడేవాళ్లలో ఇది తగ్గడం మామూలు, ఏడాదికోసారి చూసుకోవాలి. ఇంజక్షన్లు వెంటనే మొదలుపెట్టారు. హెచ్‌బీఏ1సీ 7.9. ఈసీజీలో గుండె లయ సరిగానే ఉంది. లయ తప్పితే గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకు కొట్టుకుపోయే ప్రమాదం ఉంటుంది, దానికి మందే వేరు. ఒక్క ఈసీజీలో అది దొరకకపోవచ్చు. గుండె దడ ఉందని చెప్పేవాళ్లకు 24 గంటల హోల్టర్ (రోజంతా గుండె లయను రాసే చిన్న మిషను) పెడతారు.

అపాయింట్‌మెంటు రోజున చీటీలు కాదు, మందులే తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న ప్రతి బిళ్ల, సిరపు, పొడి ఒక సంచిలో వేసి బల్ల మీద గుమ్మరించాలి. మా సంచిలోంచి నాలుగు సంగతులు బయటపడ్డాయి. నిద్ర కోసం మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఆల్‌ప్రజొలామ్. మోకాళ్లకు ఆర్‌ఎంపీగారు ఇచ్చిన ఎసిక్లోఫెనాక్. జలుబు బిళ్ల, పేరు చూస్తే క్లోర్‌ఫెనిరమిన్. మూత్రం ఆపుకోవడానికి రాసిన ఆక్సీబ్యుటినిన్. జలుబు బిళ్ల, మూత్రం బిళ్ల రెండూ ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి, జ్ఞాపకం సరిగా నడవాలంటే అది కావాలి. ముసలితనంలో వీటితో మనిషి మరింత మసకబారిపోతాడు. నొప్పి బిళ్ల బీపీ పెంచి కిడ్నీని దెబ్బతీస్తుంది. నిద్ర బిళ్ల తూలిపడేట్టు చేస్తుంది.

ఆక్సీబ్యుటినిన్ తీసేసి మిరాబెగ్రాన్ ఇచ్చారు. అది ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకోదు గానీ బీపీ కొంచెం పెంచగలదు, కాబట్టి కొలుస్తూ ఉండమన్నారు. నొప్పికి పారాసిటమాల్. జలుబు బిళ్ల ఆపేశారు. నిద్ర బిళ్ల మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, ఆపితే వణుకు, కంగారు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. సగం, తర్వాత పావు, తర్వాత రోజు విడిచి రోజు, అలా రెండు నెలల పైన పట్టింది. ఆ రెండు నెలలు రాత్రులు కష్టంగా గడిచాయి. అర్ధరాత్రి లేచి కూర్చునేవారు, అత్తయ్యగారూ నిద్రపోయేవారు కాదు. ఇంత చేసినందుకు ఫలితం వచ్చింది. బిళ్లలు తగ్గాక పొద్దుటి పూట ఆయన ముఖంలో తేట వచ్చింది, కాఫీ దగ్గర మాట కలపడం మళ్లీ మొదలైంది. స్కాన్ ఇంకా తీయకముందే మొదలైన మార్పు ఇది.

జ్ఞాపకశక్తి పరీక్ష నవంబరు మొదట్లో సైకాలజిస్టు దగ్గర జరిగింది. ఫీజు 1,500, దాదాపు గంట పట్టింది. ఏసీఈ-3 అనే 100 మార్కుల పరీక్ష. దీన్ని తెలుగువాళ్లకు తగినట్టు మలిచే పని హైదరాబాదు నిమ్స్‌లో జరిగింది. ఏకాగ్రతకు 18, జ్ఞాపకానికి 26, మాటల వేగానికి 14, భాషకు 26, బొమ్మ, స్థలం గుర్తింపుకు 16 మార్కులు. చదువును బట్టి మార్కుల అర్థం మారుతుంది కాబట్టి ఎంతవరకు చదివారో కచ్చితంగా చెప్పాలి. మావయ్యగారిది ఎనిమిదో తరగతి. కళ్లజోడు, చెవి మిషను ఉంటే తప్పక పెట్టుకుని కూర్చోవాలి, వినపడక తప్పు చెప్పినా మార్కు పోతుంది. పక్కనున్నవాళ్లు నోరు విప్పకూడదు. అత్తయ్యగారు అలవాటుగా అందించబోతుంటే బయట కూర్చోబెట్టారు.

ఆయనకు 71 వచ్చాయి. మొత్తం కన్నా ఎక్కడ పోయాయన్నది ముఖ్యం. ఒక నిమిషంలో జంతువుల పేర్లు చెప్పమంటే ఆవు, గేదె, మేక, కుక్క దగ్గర ఆగిపోయారు. గడియారం బొమ్మలో అంకెలన్నీ ఒక పక్కకు చేరాయి. మాటల వేగంలో 14కి 5. జ్ఞాపకంలో ఇంకో తీరు కనపడింది. కాసేపటి కింద చెప్పిన పేరూ చిరునామా అడిగితే తెలీదన్నారు, కొన్ని పేర్లు చెప్పి వీటిలో ఏదంటే సరైనది టక్కున పట్టుకున్నారు. అంటే లోపల దాచుకున్నారు, తీయడానికి దారి దొరకడం లేదు. అల్జీమర్స్‌లో ఎక్కువగా దాచుకోవడమే పోతుంది, అందించినా రాదు. ఈ గీత అందరిలో ఇంత స్పష్టంగా ఉండదని, పెద్ద వయసులో రెండు జబ్బులూ కలిసి ఉండటం తరచూ చూస్తామని కూడా డాక్టరుగారు చెప్పారు.

మమ్మల్ని వేరే గదిలో అడిగిన ప్రశ్నలకే ఎక్కువ సమయం పట్టింది. డబ్బు ఎవరు చూస్తున్నారు, మందులు తనంతట తను వేసుకుంటారా, ఒంటరిగా బస్సెక్కి వెళ్లి రాగలరా, ఫోను చేయగలరా. మార్పు మెల్లగా దిగజారుతూ వచ్చిందా, ఒక మెట్టు పడి ఆగి మళ్లీ ఒక మెట్టు పడిందా. నెలలు, పండగలు గుర్తుచేసుకుని ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే జవాబు చెప్పడం తేలిక. దిగులు జబ్బు ఉందేమోనని 15 ప్రశ్నలు విడిగా అడిగారు, ఎందుకంటే దిగులు కూడా మతిమరుపు వేషం వేస్తుంది.

ఎంఆర్‌ఐ అదే నెలలో. కాంట్రాస్ట్ ఇంజక్షన్ అక్కర్లేని మామూలు బ్రెయిన్ స్కాన్, 6,500 రూపాయలు. 1.5 టెస్లా (అయస్కాంతం బలం) మిషను ఉన్నచోట తీయించమన్నారు. ఫ్లెయిర్, డిఫ్యూజన్, ఎస్‌డబ్ల్యూఐ అనే మూడు రకాల బొమ్మలు ఉన్నాయో లేదో కౌంటర్లోనే అడగండి. ఎస్‌డబ్ల్యూఐ లేకపోతే చిన్నచిన్న రక్తపు చుక్కలు సరిగా కనపడవు, అవి ఎన్ని ఉన్నాయన్నది కూడా చూసే ఆస్పిరిన్ నిర్ణయం తీసుకుంటారు. సీటీ స్కాన్ చౌక గానీ సన్న నాళాల దెబ్బ అందులో పూర్తిగా తెలియదు.

లోపలికి పంపేముందు ఒంటి మీద లోహం మొత్తం తీయాలి. ఉంగరం, వాచీ, కట్టుడు పళ్లు, చెవి మిషను అందరికీ తడతాయి. మొలతాడుకున్న రాగి తాయెత్తు ఎవరికీ తట్టదు. అది తీయడానికి ఆయన ఒప్పుకోలేదు, ముడి విప్పి అత్తయ్యగారి చేతిలో పెట్టి, బయటికి రాగానే కట్టేట్టు మాటిచ్చాక పడుకున్నారు. పేస్‌మేకరు ఉంటే ముందే చెప్పాలి, స్టెంటు, తుంటి మార్పిడి లాంటివి ఉంటే ఆ కాగితాలు తీసుకెళ్లాలి. అరగంట కదలకుండా ఉండాలి, చప్పుడు గట్టిగా ఉంటుంది. మూత్రం ఆపుకోలేనివాళ్లను బల్ల ఎక్కేముందు తప్పనిసరిగా బాత్‌రూముకు పంపండి, మధ్యలో లేస్తే బొమ్మలు మళ్లీ మొదటినుంచి. మా ఆయన లోహం ఏమీ లేకుండా లోపలికి వెళ్లి కాలి వేళ్లు పట్టుకుని నిలబడ్డారు. ఆ ఒక్క స్పర్శతో మావయ్యగారు చివరిదాకా ఓర్చుకున్నారు. ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి, ఇంకో ఊళ్లో డాక్టరుకు చూపించాలంటే అదే పనికొస్తుంది.

రిపోర్టు సాయంత్రానికి ఫోనుకొచ్చింది. చదివి ఇంటిల్లిపాదీ హడలిపోయాం. 'ఇన్‌ఫార్క్ట్' అన్న మాట చూసి మా ఆడపడుచు హైదరాబాదు నుంచి ఏడుస్తూ ఫోను చేసింది. ఆ మాటలు ఏమిటో రాస్తాను. 'వైట్ మ్యాటర్ హైపర్ ఇంటెన్సిటీ' అంటే మెదడులో తీగెలున్న భాగం ఫ్లెయిర్ బొమ్మలో తెల్లగా కనపడుతోందని, అక్కడికి రక్తం ఏళ్లుగా చాలడం లేదని. దానికి ఫజెకాస్ అని 0 నుంచి 3 వరకు గ్రేడు ఇస్తారు. ఆయనది 2, అంటే చుక్కలు కలిసిపోవడం మొదలైంది. 'లాక్యూనార్ ఇన్‌ఫార్క్ట్' అంటే 3 నుంచి 15 మిల్లీమీటర్ల లోపు పాత గుంట, ఒక సన్న నాళం మూసుకుపోయిన చోటు. మెదడు లోపలి థాలమస్ అనే భాగంలో ఒకటి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలీదు, చెయ్యి పడిపోలేదు, మూతి వంకరపోలేదు. ఇలా చప్పుడు లేకుండా వచ్చిపోయేవే ఎక్కువ. రక్తపు చుక్కలు రెండు, లోపలి భాగంలో. అవి బీపీ వల్ల వచ్చే చోటులోనే ఉన్నాయి.

డాక్టరుగారు ధవళేశ్వరం ఆనకట్టతో వివరించారు. పెద్ద కాలవలో నీళ్లు నిండుగా ఉన్నా చివరి బోదె పూడిపోతే శివారు చేను ఎండుతుంది, పక్క కాలవ నుంచి మళ్లించడానికి అక్కడ వేరే దారి ఉండదు. మెదడు అడుగునుంచి లోపలికి పోయే సన్న నాళాలు అలాంటివి, ఒకదానికొకటి కలవవు. మెడలోని పెద్ద నాళాలకు డాప్లర్ స్కాన్ తీస్తే మామూలుగానే వచ్చింది, అయినా లోపల ఈ పరిస్థితి. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ సన్న నాళాల గోడలు దళసరెక్కి బిగుసుకుపోతాయి, షుగరూ పొగాకూ తోడైతే ఇంకా త్వరగా. లంక పొగాకు చుట్ట ఆయనకు యాభై ఏళ్ల అలవాటు.

"ఇది పిచ్చికి దారితీస్తుందాండీ?" అని అత్తయ్యగారు అడిగారు. అది కాదని, దీన్ని వెనక్కి తిప్పే మందు లేదని, ముందుకు పోకుండా నెమ్మదింపజేసే పని మాత్రం చాలా ఉందని చెప్పారు. డిమెన్షియా (రోజువారీ పనులు చేసుకోలేనంతగా బుర్ర మందగించడం) అనలేదు. రోజువారీ పనులు చాలావరకు తనే చేసుకుంటున్నారు కాబట్టి రక్తనాళాల వల్ల వచ్చిన తేలికపాటి లోపం అని రాశారు. ఇంటికొచ్చే దారిలో రావులపాలెం దాటేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు. మావయ్యగారే అన్నారు, "నాకు ఏదో అయిందని నాకు తెలుస్తూనే ఉందమ్మా, చెప్తే మీరు భయపడతారని." మెదడు నెమ్మదించిన మనిషికి తన సంగతి తెలీదని అనుకుంటాం. ఆయనకు తెలుసు.

అసలు పని డిసెంబరులో మొదలైంది, అది బీపీ. ఈ జబ్బులో మన చేతిలో ఉన్న పెద్ద పట్టు ఇదే. చైనాలో 326 పల్లెల్లో, బీపీ ఉన్న దాదాపు 34 వేల మంది మీద చేసిన పరిశోధన 2025లో అచ్చయింది. పల్లెల్లో ఉండే వైద్యులే మందులు సర్ది బీపీని గట్టిగా అదుపులో పెట్టిన చోట నాలుగేళ్లలో డిమెన్షియా 15 శాతం తక్కువ వచ్చింది. పెద్దాసుపత్రి అక్కర్లేని పని అని తెలిసి నాకు ధైర్యం వచ్చింది. అమెరికాలో 2019లో వచ్చిన స్ప్రింట్ మైండ్ పరిశోధనలో పై అంకెను 120 లోపు ఉంచినవాళ్లకు జ్ఞాపకం, ఆలోచనల్లో వచ్చే తేలికపాటి లోపం తగ్గింది, కానీ అందులో షుగరు ఉన్నవాళ్లను, పక్షవాతం వచ్చినవాళ్లను చేర్చుకోలేదు. అందుకే మావయ్యగారికి 120 పెట్టుకోకుండా 130/80 దగ్గర ఆపాలని, అది కూడా లేచి నిలబడితే కళ్లు తిరగనంతవరకేనని డాక్టరుగారు నిర్ణయించారు.

ఇంట్లో కొలవడానికి దండచేతికి కట్టే మిషను కొన్నాం, 2,100. మణికట్టు మిషన్లు వద్దు. పట్టీ చేతికి సరిపోవాలి, చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది. ముందు మూత్రానికి వెళ్లి రావాలి. అరగంట ముందునుంచి కాఫీ, చుట్ట లేకుండా, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు. పొద్దున్న మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం. ఏడు రోజులు రాసి, మొదటి రోజు వదిలేసి సగటు తీయాలి. ఇంట్లో 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. ఆయన సగటు 158/84 వచ్చింది, పొద్దుటి పూట 170 కూడా. క్లినిక్‌లో చూసిన ఒక్క అంకె ఇవేవీ చెప్పలేదు. కారణం మందుల షీట్లు లెక్కపెడితే దొరికింది, నెల రోజుల మాత్రల్లో మూడోవంతు మిగిలే ఉన్నాయి. వేసుకున్నారో లేదో గుర్తులేక మానేసిన రోజులవి. వారం గళ్ల డబ్బా 120 రూపాయలు, ఆదివారం రాత్రి నింపుతాను. అది వచ్చాక మిగలడం లేదు.

పడుకుని కొలిచాక, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ కొలవాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే లేచేటప్పుడు తూలిపడే ప్రమాదం ఉంది. మందు పెంచిన ప్రతిసారీ ఇది చేస్తున్నాం. మంచం మీద కూర్చుని నూరు లెక్కపెట్టి లేవడం అలవాటు చేశాం.

బీపీకి అమ్లోడిపిన్ ఒక్కటే ఉండేది, దానికి టెల్మిసార్టాన్ 40 అనే ఇంకో బీపీ మందు కలిపి ఒకే బిళ్ల చేశారు. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, ఆస్పిరిన్ 75. ఆస్పిరిన్ అందరికీ రాసేది కాదు, కడుపులో పుండు ఉందా, రక్తపు చుక్కలు ఎన్ని ఉన్నాయి అన్నవి చూసి రాశారు. మెదడు బలానికని రెండు రకాల బిళ్లలు బంధువులు సూచించారు, నెలకు 1,400 అవుతాయి. వాటివల్ల ఈ జబ్బులో గట్టి ఫలితం తేలలేదని డాక్టరుగారు చెప్పడంతో కొనలేదు. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ మందులు జనరిక్ షాపులో నెలకు 500 లోపే అవుతున్నాయి.

టెల్మిసార్టాన్ మొదలుపెట్టిన రెండు వారాలకు క్రియాటినిన్, పొటాషియం చూడాలి. పొటాషియం 5.4 వచ్చింది, 5 దాటకూడదు. వెతికితే రెండు కారణాలు. ఒకటి మా ఊరి మంచినీళ్లలాంటి కొబ్బరి బొండాలు, రోజుకు రెండు తాగేవారు. రెండోది ఉప్పు తగ్గించాలని ఒక బంధువు తెచ్చిన 'లో సోడియం' ఉప్పు. అందులో కొంత సోడియం బదులు పొటాషియం కలుపుతారు. ఈ రకం బీపీ మందు వాడేవాళ్లు, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఆ ఉప్పు ముట్టకూడదు. రెండూ ఆపితే మూడు వారాల్లో 4.6కు దిగింది. కోనసీమలో ఉండి బొండం మానమనడం ఆయనకు మందుల కన్నా కష్టమైంది, ఇప్పుడు వారానికొకటి.

ఉప్పు సంగతి వేరే చెప్పాలి. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు దాటకూడదు. కూరలో ఉప్పు తగ్గిస్తే సరిపోదు. పెరుగన్నంలో మాగాయ, పప్పులో చల్ల మిరపకాయలు, అప్పడం, వారానికి రెండుసార్లు ఎండు నెత్తళ్లు. ఉప్పంతా అక్కడుంది. ఆవకాయ పూర్తిగా తీసేస్తే అన్నమే మానేశారు, నాలుగు ముద్దలు తిని లేచిపోయేవారు. కాబట్టి మధ్యాహ్నం ఒక్కపూట చిన్న ముక్క ఉంచాం. ఎండు చేపలు నానబెట్టి రెండు నీళ్లు పారబోసి, కూరలో వేరే ఉప్పు వేయకుండా వండుతున్నాను. చప్పగా తినడం నాలుకకు అలవాటు కావడానికి నెలన్నర పట్టింది. చుట్ట సంక్రాంతికి మానతానన్నారు, ఉగాదికి నిజంగా మానేశారు.

2025 ఏప్రిల్ మధ్యలో బీపీ ఇంకా 142 దగ్గర ఆగిందని క్లోర్‌థాలిడోన్ 12.5 అనే, మూత్రం ఎక్కువ పోయించి బీపీ తగ్గించే బిళ్ల కలిపారు. దీంతో పెద్దవాళ్లలో సోడియం పడిపోవచ్చు, రెండు వారాలకు చూడమన్నారు. చూస్తే 133. ఉండాల్సింది 135 నుంచి 145, కొంచెమే తక్కువ, వారంలో మళ్లీ చూద్దామన్నారు. ఆ వారంలోనే మే ఎండలు ముదిరాయి, ఆయనకు రెండు రోజులు విరేచనాలు. మూడో రోజు పొద్దున్న లేచి తోటలో ఎవరో ఉన్నారన్నారు, మా ఆయన్ని వాళ్ల తమ్ముడనుకున్నారు, మధ్యాహ్నానికి మంచం మీదే మూత్రం పోసి కళ్లు తెరవలేదు.

జబ్బు ముదిరిపోయిందని ఇంటికి వచ్చినవాళ్లంతా అన్నారు. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్తాను. గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో వచ్చే తికమక మతిమరుపు ముదరడం కాదు. దాని వెనక సోడియం పడిపోవడమో, షుగరు పడిపోవడమో, మూత్రంలో ఇన్ఫెక్షనో, న్యుమోనియానో, కొత్త మందో, కొత్త స్ట్రోకో ఉంటుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో ముందు గ్లూకోమీటరుతో షుగరు చూశాం, 126. 108కు ఫోను చేశాం. ఆసుపత్రిలో సోడియం 119. సీటీలో కొత్తగా ఏమీ లేదు. సోడియం ఎంత తొందరగా పెంచితే అంత మంచిదనిపిస్తుంది గానీ, 24 గంటల్లో 8 కన్నా ఎక్కువ పెంచితే మెదడు మధ్యలోని తీగెల పొర దెబ్బతినగలదు. అందుకే ఆరు గంటలకోసారి రక్తం తీసి, చుక్కచుక్కగా ఎక్కించారు. నాలుగో రోజుకు 132. "ఏమ్మా, ఆయ్, ఇంటికెప్పుడు?" అని మావయ్యగారు అడిగినప్పుడు మా అత్తయ్యగారు ముఖం తిప్పుకుని ఏడ్చారు. ఖర్చు 34 వేలు. పాతస్థితికి పూర్తిగా రావడానికి ఆరు వారాలు పట్టింది. క్లోర్‌థాలిడోన్ తీసేసి టెల్మిసార్టాన్ 80కి పెంచారు. ఈ సంగతి ఇప్పుడు ఆయన ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో ఉంది, ఏ డాక్టరూ ఆ రకం మందు మళ్లీ రాయకుండా.

ఆ గండం గడిచాక స్ట్రోకు వస్తే ఏం చేయాలో ఇంట్లో అందరికీ నేర్పాం. మూతి వంకర, చెయ్యి జారిపోవడం, మాట ముద్దగా రావడం, ఏ ఒక్కటి కనపడినా గడియారం చూసి సమయం రాసుకోవాలి. గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల లోపే, అదీ సీటీ తీశాకే ఇస్తారు. అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరంలో రాత్రిపూట సీటీ ఉండి ఆ ఇంజక్షన్ ఇచ్చే ఆసుపత్రి ఏదో ముందే ఫోను చేసి కనుక్కుని గోడ మీద రాసి పెట్టాం. మా ఊరినుంచి పెద్ద ఊరు చేరడానికే రెండు గంటలు పోతాయి. ఇంట్లో ఆస్పిరిన్ నమిలించకూడదు, నోట్లో నీళ్లు పోయకూడదు. అది గడ్డో, రక్తస్రావమో స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. పసరు మందుకని వేరే ఊరు తిప్పితే ఆ నాలుగున్నర గంటలూ దారిలోనే అయిపోతాయి.

నడకకు ఫిజియోథెరపిస్టు ఒక చిట్కా చెప్పారు. ఆగిపోయిన చోట "ఒకటి, రెండు" అని పైకి లెక్కపెడుతూ అడుగు వేయడం. పనిచేసింది. కాలవ గట్టు మీద నడక మాన్పించి సిమెంటు రోడ్డు మీద పొద్దున్నా సాయంత్రం పదిహేనేసి నిమిషాలు నడిపిస్తున్నాం. వెనక పట్టీ ఉన్న చెప్పులు, బాత్‌రూములో పట్టుకునే కడ్డీ, గడపకు పసుపు రంగు పట్టీ, రాత్రి చిన్న దీపం. అన్నీ కలిపి 3,000 లోపు.

డబ్బు విషయం ఆయన తెలివిగా ఉన్నప్పుడే ఆయన నోటితోనే తేల్చుకోవాలి. బ్యాంకు ఖాతాలో అత్తయ్యగారి పేరు చేర్చారు, నామినీలు సరిచూశారు, ఫోనులో డబ్బు పంపే యాప్ ఆయనే తీసేయమన్నారు. దింపు లెక్క మాత్రం తీసుకోలేదు. అచ్చు వేసిన కాగితం తయారుచేశాను. కాయలు, ధర, దింపు కూలి, ఒలుపు కూలి, కిరాయి, ఒక్కో వరసకు ఒక్కో గడి. కాలిక్యులేటరుతో ఆయనే నింపుతారు, గంట పడుతుంది, సరిగ్గా వస్తుంది. ఎవరూ పక్కన నిలబడి తొందర పెట్టకూడదు. ఈ జబ్బులో వేగం పోతుంది, వ్యవధి ఇస్తే చాలా పనులు ఇంకా చేతనవుతాయి.

2025 నవంబరులో అదే పరీక్ష మళ్లీ పెట్టారు. 73. రెండు మార్కులు పెరగడం బాగుపడటం కాదు, ఒకసారి రాసిన పరీక్ష రెండోసారి కొంచెం తేలికవుతుంది, బీ12 వల్లా, తీసేసిన బిళ్లల వల్లా కొంత కావచ్చు. తగ్గలేదన్నదే మాకు వార్త. బీ12 ఇప్పుడు 410, హెచ్‌బీఏ1సీ 7.2, ఇంటి బీపీ సగటు 131/74. ఎంఆర్‌ఐ ఏటేటా అక్కర్లేదన్నారు. కొత్తగా ఒక మెట్టు దిగినట్టు అనిపిస్తేనో, నడక ఒక్కసారిగా మారితేనో, పడి తలకు దెబ్బ తగిలితేనో తీస్తారు. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ మూడు నెలలకోసారి. వచ్చే అపాయింట్‌మెంటు మే నెలలో పడుతుందంటే ఎండలకు ముందే, మార్చిలో రాయించుకున్నాం.